పూతరేకుల పెట్టెకు రూపం ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. ఆత్రేయపురం దగ్గర మీ ఇంటి ఆడవాళ్లు పూతరేకులు చేస్తారు. ఇంతకాలం దుకాణాలకు వేసిన సరుకును ఇకమీదట మీ సొంత పేరుతో హైదరాబాదుకు, బెంగళూరుకు కొరియరులో పంపాలనుకుంటున్నారు. పెట్టె డిజైను కోసం అంతర్జాలంలో వందలాది బొమ్మలు చూసి దాచుకున్నారు, కానీ ఏదీ మీ సరుకుకు అతకడం లేదు, పైగా చూసినకొద్దీ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. సృజన ఉన్న ప్యాకేజింగుకు ప్రేరణ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. తినుబండారాల ప్యాకేజింగు డిజైనులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా కొంచెం వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే పొట్టి సమాధానాలు మిమ్మల్ని తిరిగి ఆ బొమ్మల దగ్గరికే పంపుతాయి.

మీరు చూసిన బొమ్మలన్నీ ఒకేలా ఉండడానికి కారణం ఉంది. వాటిలో చాలా భాగం కంప్యూటరులో గీసిన ఊహాచిత్రాలు. ఏ ప్రెస్సులోనూ అచ్చు కాలేదు, ఏ కిరాణా కొట్టు అరలోనూ కూర్చోలేదు. జాగ్రత్తగా చూస్తే వాటి మీద ధర ఉండదు, బార్‌కోడు ఉండదు, తయారీ తేదీకి చోటు ఉండదు, నెయ్యి మరక ఉండదు. 2007 నుంచి జరుగుతున్న పెంటావార్డ్స్ వంటి ప్యాకేజింగు డిజైను పోటీలలో గెలిచిన పనులను చూడడం మంచిదే, అయితే అక్కడ కూడా ఒక ప్యాకెట్టు ఎలా కనిపిస్తుందన్నది మాత్రమే మనకు అందుతుంది. అది అలా ఎందుకు తయారైందన్నది ఫోటోలో కనిపించదు. నా అనుభవంలో నిలిచిన ప్రతి మంచి ప్యాకేజీ వెనుక ఒక నిర్దిష్టమైన ఇబ్బంది ఉంది. రూపాన్ని కాక ఆ ఇబ్బందిని, దాన్ని ఎవరు ఎలా తీర్చారన్నదాన్ని సేకరించడం మొదలుపెడితే, ఏ దేశపు వస్తువు నుంచైనా మీ పూతరేకులకు పనికొచ్చేది దొరుకుతుంది.

గోలీ సోడా సీసాను తీసుకోండి. 1870లలో ఇంగ్లండుకు చెందిన హైరం కాడ్ అనే ఇంజనీరు దానికి పేటెంటు పొందాడు. అప్పట్లో సోడా నీళ్ల సీసాలకు కార్కు బిరడాలు వాడేవారు. లోపలి గ్యాసు ఒత్తిడికి అవి పైకి తన్నుకొచ్చేవి, ఎండిపోతే సందుల్లోంచి గ్యాసు పోయేది. కాడ్ ఆ ఒత్తిడితోనే మూత పని చేయించాడు. సీసా మెడలో ఒక గాజు గోలీ, మూతి లోపలి అంచున ఒక రబ్బరు వలయం ఉంటాయి. సీసాను తలకిందులుగా పట్టి నింపినప్పుడు గోలీ మూతి దగ్గరికి జారుతుంది, లోపలి గ్యాసు దాన్ని రబ్బరుకు అదిమి పట్టి ఉంచుతుంది. తాగేటప్పుడు గోలీని లోపలికి నొక్కితే మూత తెరుచుకుంటుంది, మెడకు ఉన్న నొక్కులు ఆ గోలీని పట్టి ఉంచి, సీసా వంచినా అది మళ్లీ దారికి అడ్డం పడకుండా చూస్తాయి. మన ఊళ్లలోనూ, జపానులో రామునే అనే పానీయానికీ ఇప్పటికీ ఈ సీసానే వాడుతున్నారంటే దాని అందం ఒక్కటే కారణం కాదు. మూతను బయటికి తన్నే గుణమే మూతను బిగించేలా చేయడం అసలైన సృజన. దీని నుంచి మీరు తీసుకోవలసింది గాజునూ గోలీనీ కాదు. మీ సరుకులో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టే గుణమేదో గుర్తించి, దానితోనే పని చేయించుకునే దారి ఉందా అన్న ప్రశ్నను తీసుకోండి. పూతరేకుల విషయంలో ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు కింద రాస్తాను.

కోకాకోలా సీసా కథ చాలామందికి తెలుసు, కానీ అందులో అసలు పాఠం సాధారణంగా జారిపోతుంది. 1915లో ఆ కంపెనీ గాజు తయారీదారులను అడిగింది ఇదీ: చీకట్లో తడిమినా, పగిలి నేల మీద పడి ఉన్నా గుర్తుపట్టగలిగే సీసా కావాలి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ పట్టణపు రూట్ గ్లాస్ కంపెనీలో పనిచేసే ఎర్ల్ డీన్, ఒక విజ్ఞాన సర్వస్వంలో కనిపించిన కోకో కాయ బొమ్మ చూసి, దాని నిలువు గాడులను, నడుమ ఉబ్బును సీసాకు తెచ్చాడు. ఆ పానీయంలో కోకో లేనే లేదు. అంటే ప్రేరణగా తీసుకున్న వస్తువుకు, సరుకుకు సంబంధం లేకపోయినా రూపం నిలిచింది, ఎందుకంటే అడిగిన ప్రశ్న అంత స్పష్టంగా ఉంది. మొదటి నమూనా నడుము మరీ వెడల్పై కర్మాగారపు పట్టీ మీద నిలవలేకపోతే, దాన్ని సన్నబరిచాకే ఇప్పుడు మనకు తెలిసిన ఆకారం వచ్చింది. కాబట్టి బొమ్మలు వెతకడానికి ముందు మీ పెట్టె ఏ పని చేయాలో ఒకే వాక్యంలో రాసుకోండి. “ఆకర్షణీయంగా ఉండాలి” అన్నది అలాంటి వాక్యం కాదు. “తెరిచినవాళ్ల ఒడిలో పొడి రాలకూడదు” అన్నది అలాంటి వాక్యం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ జపాను కంపెనీ కిక్కోమాన్ వారి సోయా సాసు సీసా. కెంజి ఎకువాన్ బృందం 1961లో తెచ్చిన ఆ ఎర్ర మూత చిన్న సీసా నేటికీ దాదాపు అదే రూపంలో అమ్ముడవుతోంది. చిన్నప్పుడు తన తల్లి బరువైన పెద్ద సీసాలోంచి బల్ల మీది చిన్న సీసాలోకి సాసు ఒంపుతూ అవస్థ పడడం ఎకువాన్ మనసులో ఉండిపోయింది. మూడేళ్ల పాటు, వందకు పైగా నమూనాలు చేశాక, చుక్క కారని మూతి, ఎటు పట్టుకున్నా చేతిలో ఇమిడే మెడ, బల్ల మీద పడిపోని అడుగు ఉన్న సీసా తయారైంది. కర్మాగారం నుంచి వచ్చిన సీసానే నేరుగా భోజనాల బల్ల మీదికి చేరింది; మధ్యలో ఒంపే పని పోయింది.

ఈ ఉదాహరణ ఇంత దూరం నుంచి తెచ్చినా, దాని జోడు మీ వంటింట్లోనే ఉంది. ఏడాది ఆవకాయను పెద్ద జాడీలో పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, వారానికో పది రోజులకో సరిపడా చిన్న జాడీలోకి తీసుకునే పద్ధతి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. తడి చెయ్యి, తడి గాలి మొత్తం సరుకుకు తగలకూడదన్న జాగ్రత్త అది. ఇరవై పూతరేకుల పెట్టె కొన్న కుటుంబం పరిస్థితీ అదే. మొదటి రోజు నాలుగు తింటారు; ఆ తరువాత పెట్టె తెరిచినప్పుడల్లా మిగిలినవాటికి గాలిలోని తేమ తగిలి, రేకు కరకరలాడడం మాని మెత్తబడి సాగుతుంది. నాలుగేసి రేకులను విడివిడిగా తేమ చొరబడని లోపలి సంచుల్లో మూసి, వాటన్నిటినీ ఒకే పెట్టెలో పెడితే చివరి రేకు కూడా మొదటి రేకులాగే ఉంటుంది. బయట పెట్టె జాడీ, లోపలి సంచి చిన్న జాడీ. ఈ ఆలోచన మీరు దాచుకున్న ఏ బొమ్మలోనూ దొరకదు, ఎందుకంటే అది కంటికి కనిపించే విషయం కాదు. ఇంట్లో జరిగే పనిని గమనిస్తేనే తెలుస్తుంది.

తినే పదార్థం, దాన్ని చుట్టే వస్తువు ఒకదానికొకటి సాయం చేసుకునే సందర్భాలు మరీ విలువైనవి. మీ కోనసీమలోనే అంబాజీపేట వైపు చేసే పొట్టిక్కలను గమనించండి. పనస ఆకులను పుల్లలతో గుచ్చి చిన్న బుట్టలు కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. ఆ ఆకు బుట్టే అచ్చు, అదే పాత్ర, అదే పొట్లం, పైగా వాసన కూడా దానిదే. జపానులో నట్టో అనే పులియబెట్టిన సోయా గింజలను పూర్వం వరిగడ్డి కట్టలో చుట్టేవారు. గింజలను పులియబెట్టే సూక్ష్మజీవి ఆ గడ్డి మీదే ఉంటుంది కాబట్టి, ఆ కట్ట లేకుండా ఆ వంటకమే తయారయ్యేది కాదు. మోదుగాకు, అడ్డాకు డొప్పలు, తాటాకు బుట్టలు కూడా ఈ కోవలోవే. వీటిని అలంకారంగా వాడమని నేను చెప్పడం లేదు. పూతరేకుల పెట్టె మీద తాటాకు బొమ్మ అచ్చేయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఒక ఆకు ఎక్కడ మడత పడుతుంది, పుల్ల ఒక్కటే గుచ్చితే ఎలా నిలుస్తుంది, జిగురు లేకుండా ఎలా మూసుకుంటుంది అన్నవి చూడండి. అట్టపెట్టెను జిగురు లేకుండా నాలుకలూ గాట్లతో బిగించే పద్ధతికి ఇవి మంచి పాఠాలు.

2004లో జపాను డిజైనరు నావోతో ఫుకసావా ఒక కాగితపు ప్రదర్శన కోసం పండ్ల రసాల పెట్టెలు చేశాడు. అరటి రసం పెట్టెకు అరటి తొక్క రంగూ కోణాలూ, స్ట్రాబెరీ పెట్టెకు గింజలు పొదిగినట్టున్న తలం, కివీ పెట్టెకు నూగు. కెన్యా హరా నిర్వహించిన ఆ ప్రదర్శన స్పర్శ గురించినది. అవి దుకాణాల కోసం చేసినవి కావు, ఆ ఖర్చుతో అమ్మడమూ కష్టమే. అయినా ఒక దారి చూపిస్తాయి: ప్యాకెట్టును ముట్టుకున్నప్పుడు కలిగే అనుభూతి లోపలి పదార్థం నుంచే రావచ్చు. పూతరేకుకు ఉన్న అసాధారణమైన గుణం దాని పారదర్శకత. బోర్లించిన వేడి కుండ మీద పల్చటి బియ్యపు పిండిలో తడిపిన గుడ్డను ఒక్కసారి లాగితే వచ్చే ఆ తెల్లటి పొర వెనుక వెలుగు కనిపిస్తుంది. కాబట్టి మీ పెట్టెకు మెరిసే ప్లాస్టిక్ పూత వేయించే బదులు, సాదా తెల్ల పెట్టె మీద పేరు ముదురు రంగులో అచ్చేసి, దాని పైన ట్రేసింగ్ కాగితం వంటి పల్చటి కాగితపు తొడుగు వేసి చూడండి. అడుగు రంగు పొగమంచులోంచి కనిపించినట్టు కనిపిస్తుంది. రేకు గురించి ఒక్క మాట రాయకుండానే రేకు చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు గోలీ సోడా దగ్గర ఆపిన ప్రశ్నకు వద్దాం. పూతరేకులో అందరినీ ఇబ్బంది పెట్టే గుణం విరగడం, కొరికితే పొడి రాలడం. దుకాణాల్లో ఒక్కో రేకునూ విడిగా కాగితంలో చుట్టి ఇవ్వడం ఉంది. తినేవాళ్లు ఆ కాగితాన్ని పూర్తిగా విప్పేసి పక్కన పడేస్తారు, పొడి ఒడిలో పడుతుంది. చుట్టే కాగితం మూడింట రెండు వంతుల దగ్గర చిల్లుల గీత పెట్టి, పై భాగం మాత్రమే చిరిగిపోయేలా చేస్తే, కింది భాగం రేకును పట్టుకునే తొడుగుగా, పొడిని ఆపే జేబుగా చేతిలో మిగులుతుంది. చివర్లో ఆ జేబులో చేరిన పంచదార, నెయ్యి, జీడిపప్పు పొడిని నోట్లో వంపుకోవడం పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అవుతుందని నా నమ్మకం. కాగితం నెయ్యిని పీల్చనిదై, ఆహారానికి వాడదగినదై ఉండాలి. బెల్లం రేకుకు ఒక రంగు పట్టీ, పంచదార రేకుకు మరో రంగు పట్టీ ఆ కాగితం మీదే అచ్చేస్తే, చుట్టాక ఏది ఏదో తెలియని చిక్కు కూడా తీరుతుంది. పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం జ్ఞాపకాన్ని వాడుకోవాలని కొందరు డిజైనర్లు సలహా ఇస్తారు. నిజమైన వార్తాపత్రికను ఆహారానికి తగిలించడాన్ని ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి. దాని సిరా ఒంటికి మంచిది కాదు. ఆ దారి వదిలేయండి.

రవాణాను కూడా ప్రేరణగానే చూడండి. స్వీడన్‌లో టెట్రా పాక్ కంపెనీ 1952లో మీగడ కోసం తెచ్చిన నాలుగు ముఖాల ప్యాకెట్టు కాగితాన్ని ఎంతో పొదుపుగా వాడేది, కానీ దాన్ని సర్దడానికి ప్రత్యేకంగా ఆరు పలకల బుట్టలు కావలసి వచ్చాయి. 1963లో ఇటుక ఆకారపు పెట్టె వచ్చింది, ఈనాడు కాగితపు పెట్టెల్లో వచ్చే పళ్ల రసాలు, పాలు ఎక్కువగా ఆ ఆకారంలోనే వస్తున్నాయి. మీ సరుకు తేలిక, పరిమాణం ఎక్కువ. కొరియరు వాళ్లు బరువుకే కాక పెట్టె ఆక్రమించే చోటుకు కూడా వసూలు చేస్తారు. షడ్భుజి పెట్టెలు, గుండ్రటి డబ్బాలు ఫోటోలో ఎంత అందంగా ఉన్నా, వాటి చుట్టూ మిగిలే ఖాళీకి ప్రతిసారీ మీరు డబ్బు కడతారు. సాదా దీర్ఘచతురస్రపు పెట్టె, లోపల ఒకదాని బరువు మరొకదాని మీద పడకుండా గదులున్న అట్ట తట్ట, బయట కొరియరు కోసం మూడు పొరల ముడతల అట్ట. రేకులు పడుకోబెడితే తక్కువ విరుగుతాయా, నిలబెడితే తక్కువ విరుగుతాయా అన్నది మీ రేకు మందాన్ని బట్టి ఉంటుంది. రెండు రకాలుగానూ నింపిన పెట్టెలను నడుము ఎత్తు నుంచి వదిలి చూస్తే తేలిపోతుంది.

ఇక పైన కనిపించే బొమ్మ, రంగు, అక్షరం. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆంధ్ర నుంచి వచ్చే ప్రతి తినుబండారం మీదా కలంకారీ నెమలి, కొండపల్లి బొమ్మ అతికించడం మానాలి. ఆ కళలకు వాటి గౌరవం వాటికి ఉంది, కానీ అవి పచ్చడికీ, కాఫీ పొడికీ, పూతరేకులకూ ఒకే మాట చెబుతాయి, మీ సరుకు గురించి ఏమీ చెప్పవు. చేతిపనుల నుంచి అమరికను నేర్చుకోవచ్చు. మంగళగిరి చీరలో ఒళ్లంతా సాదాగా ఉండి, అంచు దగ్గర మాత్రమే జరీ బలంగా పలుకుతుంది. పెట్టె ముఖాన్ని ఖాళీగా వదిలి, సమాచారమంతా ఒక అంచు పట్టీలో పేర్చడానికి అంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. ఏటికొప్పాక లక్క భరిణెలో మూత, అడుగు కలిసే చోట రంగు గీతలు ఎలా తిరుగుతాయో చూడండి. తెరిచే చోటు ఎక్కడో కంటికి అవే చెబుతాయి.

తెలుగు అక్షరం మీకు పెద్ద ఆస్తి, మంచి చేతి రాత ఉన్నవారు దొరికితే పేరు వాళ్ల చేత రాయించండి. “పూతరేకులు” అన్న మాటలో ఒక్క వత్తు కూడా లేదు. అందువల్ల అడుగు గీత సమంగా ఉండి, పెద్ద పరిమాణంలో పెట్టె అంచు దాకా కూర్చోబెట్టవచ్చు. “ఆత్రేయపురం” లో రకారపు వత్తు కిందికి దిగుతుంది కాబట్టి ఆ వరుస కింద చోటు వదలాలి, లేకపోతే కింది వరుస గుడులు, ఏత్వాలు దానికి తగులుకుంటాయి. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచిన వరుసల దూరాన్ని అలాగే తెలుగుకు వాడడం వల్లే మన లేబుళ్లు చాలా వరకు కిక్కిరిసి కనిపిస్తాయి. రామభద్ర, మండలి, సూరన్న వంటి ఉచిత ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వాటిలో రామభద్ర శీర్షికకు నిండుగా ఉంటుంది, మండలి చిన్న అక్షరాలకు చదువుకోవడానికి బాగుంటుంది.

చట్టం అడిగే వివరాలను డిజైను పూర్తయ్యాక అతికించే స్టిక్కరుగా చూడకండి. పదార్థాల జాబితా, పాలూ గింజపప్పుల వంటి అలర్జీ సమాచారం, పోషక విలువలు, నికర బరువు, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, తేదీలు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఆకుపచ్చ శాకాహార గుర్తు ఇవన్నీ మొదటి చిత్తు గీతలోనే తమ చోటు తీసుకోవాలి. ఈ వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపి హిందీలో గాని తప్పనిసరి. తెలుగు అదనంగా ఉండవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయితే ఆ చిహ్నాన్ని ముద్రించడానికి మీరు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అలాగే, ప్రేరణ పేరుతో ఇంకొకరి పెట్టె ఆకారాన్నీ రంగుల కలయికనూ ఎత్తుకోవడం చట్టపరంగానూ ప్రమాదమే. మన 1999 వాణిజ్య చిహ్నాల చట్టం ప్యాకేజింగును, రంగుల కలయికను కూడా చిహ్నంగానే గుర్తిస్తుంది.

పద్ధతి గురించి ఒక సూచన. దాచుకున్న బొమ్మలను కొన్నాళ్లు పక్కన పెట్టి, కిరాణా కొట్టు నుంచి, రైల్వే ప్లాట్‌ఫారం మీది బండి నుంచి, సంత నుంచి నిజమైన ప్యాకెట్లు కొనండి. ఒక్కోదాన్నీ జిగురు అతుకుల వెంట జాగ్రత్తగా విప్పి, బల్ల మీద చదునుగా పరచండి. ఎక్కడ కోశారు, ఎక్కడ మడిచారు, ఎంత అట్ట వృథా చేశారు అన్నది అప్పుడే తెలుస్తుంది. పక్కన ఒక పుస్తకంలో, దాన్ని తెరిచేటప్పుడు ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. తరువాత మీ నమూనా పెట్టెను అరవై దాటిన ఒకరికి, పదేళ్ల పిల్లకు ఇచ్చి, ఏమీ చెప్పకుండా వాళ్ల చేతులనే చూడండి. మూత ఎటు వెతుకుతున్నారో, చిల్లుల గీత పని చేసిందో లేదో, పొడి ఎక్కడ పడిందో గమనించండి. ఫోను తెర మీద బొటనవేలి గోరంత పరిమాణంలో పేరు చదవగలుగుతున్నామో కూడా చూడండి, మీ కొనుగోలుదారు మొదట చూసేది అక్కడే.

ముద్రణ ఖర్చు గురించి విడిగా అడగలేదు గాని, ఒకటి చెప్పాలి. పౌచ్‌ల మీద నేరుగా రంగుల ముద్రణ వేయించాలంటే సాధారణంగా ఆ బొమ్మను అచ్చేసే సిలిండర్లు చేయించాలి, పెద్ద సంఖ్యలో ఆర్డరు ఇవ్వాలి. మొదటి విడతకు అది వద్దు. ముద్రణ లేని తెల్ల పెట్టెలు, ముద్రణ లేని లోపలి సంచులు తీసుకుని, పైన తొడుగును మాత్రం డిజిటల్ ప్రెస్సులో కొద్ది సంఖ్యలో వేయించండి. వానాకాలం ఒకటి గడిచాక రేకు ఎన్నాళ్లు కరకరలాడిందో, ఏ పెట్టెలు నలిగి చేరాయో తెలుస్తుంది. అట్టను కోసే శాశ్వతమైన అచ్చు (డై) అప్పుడు చేయించండి. నమూనా తయారైనప్పుడు దాని కొలతలు, ఒక్కో రేకు పొడవు, మందం ఇక్కడ పెడితే గదుల తట్టకు కోత గీత ఎలా ఉండాలో గీసి చూపిస్తాను.